పిల్లల పసరు లీకుకి పిగ్‌టెయిల్ డ్రెయిన్: ట్యూబు మంచిదే, దాని బయట ఉన్న రెండడుగులే చూసుకోవాలి

గాల్‌బ్లాడర్ తీసేశాక పిల్లల కడుపులో పసరు (కాలేయం తయారుచేసే పైత్యరసం) కారితే వార్డులో ముందుగా తెరిచే ప్యాకెట్టు పిగ్‌టెయిల్ డ్రెయిన్‌ది. సన్నటి మెత్తటి ట్యూబు, కొస చుట్ట చుట్టుకుని ఉంటుంది. అమ్మానాన్నలు దాన్ని ‘పైపు’ అంటారు. ఈ రివ్యూ ఆ పైపు గురించీ, దానికి తగిలించే సంచి, మధ్యలో పెట్టే త్రీవే (పిడి తిప్పే మూడు దారుల కుళాయి), అవసరమైతే పసరు గొట్టంలో పెట్టే స్టెంటు (దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం) గురించీ. ఇది కంపెనీల మధ్య పోటీ కాదు. ఏ కంపెనీ ట్యూబుకైనా వర్తించే సంగతులే ఇక్కడ ఉన్నాయి. వార్డులో పనిచేసే నర్సులకీ, డ్యూటీ డాక్టర్లకీ, డ్రెయిన్‌తో ఉన్న బిడ్డ పక్కన కూర్చున్న ఇంట్లోవాళ్లకీ పనికొస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. ట్యూబుకి ఐదుకి నాలుగున్నర. దానికి అలవాటుగా తగిలించే రెండు లీటర్ల యూరిన్ సంచికి ఐదుకి రెండే. పసరు లీకు వైద్యం దారి తప్పేది చాలాసార్లు ఒంట్లో ఉన్న ట్యూబు వల్ల కాదు, ఒంటి బయట ఉన్న రెండడుగుల సరంజామా వల్ల.

ముందు లీకు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ట్యూబు ఏం చేయగలదో, ఏం చేయలేదో అర్థమవుతుంది. గాల్‌బ్లాడర్‌ని పెద్ద పసరు గొట్టానికి కలిపే చిన్న కాడ ఉంటుంది, దాన్నే సిస్టిక్ డక్ట్ అంటారు. ఆపరేషన్‌లో దానికి క్లిప్పులు వేసి కత్తిరిస్తారు. ఆ క్లిప్పు జారినా, కాడ లావుగా ఉండి క్లిప్పు అవతలి అంచు దాకా అందకపోయినా, పక్కన కరెంటు వేడి తగిలి గోడ కాలి నాలుగైదు రోజులకి ఊడినా పసరు బయటికొస్తుంది. రెండో చోటు కాలేయం మీద గాల్‌బ్లాడర్ అతుక్కుని ఉండే పరుపు. అక్కడ కొందరికి దారం లాంటి సన్నటి గొట్టాలుంటాయి, లుష్కా గొట్టాలని పేరు. తెగినట్టు ఆపరేషన్‌లో కనపడకపోవచ్చు. ఈ రెండు రకాలూ పసరు గొట్టాల గాయాలకి 1995లో వచ్చిన స్ట్రాస్‌బర్గ్ వర్గీకరణలో ‘ఎ’ కిందికి వస్తాయి. ఎక్కువ లీకులు ఇవే. మంచి డ్రెయిన్, అవసరమైతే స్టెంటు, వీటితోనే మానతాయి. పెద్ద గొట్టం పక్క చీలితే ‘డి’, పూర్తిగా తెగినా మూసుకుపోయినా ‘ఇ’. వాటికి పిగ్‌టెయిల్ మందు కాదు, ప్రాణం కాపాడుతూ టైము సంపాదించి పెట్టే సాధనం.

ఇంకో కారణం తరచు మరుగున పడుతుంది: పెద్ద గొట్టంలో మిగిలిపోయిన రాయి. కింద దారి మూసుకుంటే పైన ఒత్తిడి పెరుగుతుంది, క్లిప్పు వేసిన కాడ దగ్గర తన్నుకొస్తుంది. రాయి తీయకుండా ఎన్ని రోజులు డ్రెయిన్ ఉంచినా పసరు వస్తూనే ఉంటుంది.

బిడ్డలో కనపడేదేమిటంటే, రెండో రోజో మూడో రోజో లేచి తిరగాల్సిన పిల్లాడు మంచం దిగడు. అన్నం వద్దంటాడు, పొట్ట కాస్త ఉబ్బుతుంది, వాంతి, సన్నగా జ్వరం, కుడి భుజం నొప్పి. అంతకన్నా పెద్ద గుర్తులు మొదట్లో ఉండకపోవచ్చు. లివర్ పరీక్షలు మామూలుగా కూడా ఉండొచ్చు. కీహోల్ ఆపరేషన్ తర్వాత కోలుకోవాల్సిన బిడ్డ కోలుకోకపోవడమే మొదటి లక్షణం. ఆ రోజే అల్ట్రాసౌండ్ చేయించాలి, మర్నాడు చూద్దామనుకోకూడదు.

ఇక ట్యూబు సంగతి. సైజు ఫ్రెంచ్‌లో లెక్క, మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. 8 ఫ్రెంచ్ అంటే సుమారు 2.7 మి.మీ. మందం. పసరు పలుచన ద్రవం కాబట్టి చిన్నపిల్లలకి 8 సరిపోతుంది, పదేళ్లు దాటిన వాళ్లకి 10 వేసుకోవచ్చు. రక్తం గడ్డలున్నా, పసరు చీము పట్టి చిక్కబడినా ఒక సైజు పైకి వెళ్లాలి. ‘చిన్నపిల్లాడు కదా’ అని 6 వేస్తే రెండో రోజుకే మూసుకుపోయే ప్రమాదం ఉంది. ట్యూబు మార్చడానికి మళ్లీ మత్తు, మళ్లీ సూది. సైజు దగ్గర జాలి పడితే ఆ భారం మళ్లీ బిడ్డ మీదే పడుతుంది.

పాలీయురేతేన్‌తో చేసినవి ఒంటి వేడికి మెత్తబడతాయి, పిల్లలకి అంతగా గుచ్చుకోవు. బాగా గట్టి ప్లాస్టిక్‌వి లోపలికి సులువుగా వెళ్తాయి గానీ తర్వాత నొప్పి ఎక్కువ, మడత పడితే ఆ మడత అలాగే ఉండిపోతుంది. ప్యాకెట్టు తెరిచాక ఒక పని చేయండి. చుట్టని వేళ్లతో సాగదీసి చూస్తే పక్క రంధ్రాలు చుట్ట లోపలి వైపే ఉంటాయి. పేగు గోడో కొవ్వో వచ్చి అతుక్కుని మూసేయకుండా ఉండటానికి అలా చేస్తారు. బయటి కొసన ఒక సన్నటి దారం కనిపిస్తుంది. దాన్ని లాగి బిగిస్తే లోపల చుట్ట ముడి పడినట్టు నిలబడుతుంది. లాకింగ్ పిగ్‌టెయిల్ అంటే ఇదే. ఈ దారం ఈ వస్తువులోని గొప్ప సుగుణం. తెలియని చేతిలో పెద్ద ప్రమాదం కూడా ఇదే, ఆ సంగతి చివర్లో.

పెట్టే పద్ధతి అల్ట్రాసౌండ్ చూస్తూ: 18 గేజ్ సూది, దానిలోంచి 0.035 అంగుళాల గైడ్‌వైరు, ఆ వైరు మీదుగా దారిని వెడల్పు చేసే డైలేటరు, తర్వాత ట్యూబు. పిల్లల పొట్ట గోడ పల్చగా ఉంటుంది కాబట్టి డైలేటరు తీసేటప్పుడు వైరు కూడా జారి వచ్చేసే అవకాశం ఎక్కువ. సాయం చేసేవాళ్ల కళ్లు వైరు మీదే ఉండాలి. వైరు ఒకసారి వంగిందంటే దాని మీద ట్యూబు ఎక్కదు, బలవంతం చేయకుండా కొత్త వైరు తీసుకోవాలి. ఒక్క పోటుతో ట్రోకార్ (మొనదేలిన కడ్డీ) మీద పెట్టే రకం కిట్లు కూడా ఉన్నాయి. పెద్ద గుంటలో బోలెడు ద్రవం ఉంటే అవి చాలు. కాలేయం కింద సన్నటి పొరలా ఉన్న పసరుకి, చిన్నపిల్లలకి, వైరు పద్ధతే మేలు.

మొదట వచ్చిన ద్రవాన్ని పారబోయకండి. కొంత కల్చర్‌కి (క్రిములున్నాయేమో చూసే పరీక్ష), కొంత బిలిరుబిన్‌కి (పసరుకి పసుపు రంగునిచ్చే పదార్థం) పంపాలి. ఆపరేషన్ అయిన మూడో రోజు నుంచి, డ్రెయిన్ ద్రవంలో బిలిరుబిన్ రక్తంలో ఉన్నదానికి కనీసం మూడు రెట్లుంటే అది పసరు లీకు. లివర్ సర్జరీ అధ్యయన బృందం 2011లో ఇచ్చిన నిర్వచనం ఇది. రక్తంలో 1 ఉండి డ్రెయిన్‌లో 8 ఉంటే సందేహమే లేదు. ఈ నిష్పత్తి మన దగ్గర ఇంకా ముఖ్యం. పిల్లల్లో గాల్‌బ్లాడర్ రాళ్లకి పెద్ద కారణం రక్తకణాలు త్వరగా పగిలిపోయే జబ్బులు: సికిల్ సెల్, తలసేమియా, స్ఫిరోసైటోసిస్. పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ వైపు గూడేల నుంచి వచ్చే సికిల్ సెల్ పిల్లలకి కళ్లు ఎప్పుడూ కాస్త పచ్చగానే ఉంటాయి. వాళ్ల దగ్గర ‘కామెర్లు పెరిగాయా’ అని కంటితో చూస్తే ఏమీ తేలదు. రక్తంలో 4 ఉన్న పిల్లాడికి డ్రెయిన్‌లో 5 వస్తే అది లీకు కాకపోవచ్చు, 12 దాటితే లీకే. సికిల్ సెల్ పిల్లలకి ఇంకో సంగతి: పసరు పోవడం వల్ల ఒంట్లో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా, చలి వేసినా నొప్పుల క్రైసిస్ మొదలవుతుంది. వాళ్లకి సెలైను ఆలస్యం కాకూడదు, దుప్పటి కూడా.

ఇప్పుడు ఒంటి బయట ఉన్న రెండడుగులు. ట్యూబుని 2-0 సిల్కుతో చర్మానికి కుట్టి వదిలేస్తే సరిపోదు. పిల్లల డ్రెయిన్‌కి రెండో ఆధారం ఉండాలి: కుట్టు నుంచి నాలుగైదు అంగుళాల దూరంలో, నడుము పక్కన, ట్యూబుని ఒక వంపు తిప్పి ప్లాస్టరు వేయాలి. బిడ్డ దొర్లినా, సంచి మంచం కమ్మీకి తగులుకున్నా లాగుడు ఆ వంపు మీద పడుతుంది గానీ కుట్టు మీద పడదు. ప్లాస్టరుని ట్యూబు చుట్టూ పూర్తిగా చుట్టి, రెండు అంచులూ కలిసే చోట చిన్న ‘మెడ’ వదిలి, ఆ తర్వాత చర్మానికి అంటించాలి. ట్యూబుని చర్మానికి నేరుగా అదిమేసి అంటిస్తే కింద పుండు పడుతుంది. పైన బిగుతైన బనియను వేస్తే చిన్నపిల్లల చేతులు ట్యూబు దాకా పోవు. మూడేళ్లలోపు వాళ్లకి బనియను కూడా చాలదు. రాత్రిపూట మోచేతికి మెత్తటి అట్ట కట్టు వేయాల్సి రావచ్చు.

చర్మం దగ్గర ట్యూబు మీద పెన్నుతో ఒక గీత గీయండి. ఖర్చు లేని పని, ఈ రివ్యూలో మేం గట్టిగా చెప్పే మాట ఇదే. ఆ గీత రెండు సెంటీమీటర్లు బయటికొచ్చిందంటే లోపలి పక్క రంధ్రం ఒకటి చర్మం మందంలోకి వచ్చేసి ఉండొచ్చు. అప్పుడు పసరు సంచిలోకి కాకుండా ట్యూబు పక్క నుంచి చర్మం మీదికి కారుతుంది. గీత లేకపోతే ‘డ్రెస్సింగ్ తడుస్తోంది, మార్చండి’ అనే దగ్గరే ఆగిపోతారు, అసలు కారణం దొరకదు. పసరు తగిలిన చర్మం ఒక్క రోజులో ఎర్రగా ఒరుసుకుపోతుంది. సబ్బుతో రుద్దకుండా సెలైనుతో తుడిచి, తడి లేకుండా అద్ది, జింక్ ఆక్సైడ్ పూత వేయాలి. పూత ప్లాస్టరు కిందికి పోతే అది అంటుకోదు, కాబట్టి పూతకి, ప్లాస్టరుకి చోట్లు వేరుగా ఉంచండి.

త్రీవే గురించి మా అభిప్రాయం కచ్చితం: కడగడానికి సౌకర్యం, పసరు పారడానికి ఇరుకు. 10 ఫ్రెంచ్ ట్యూబు వేసి దాని చివర సన్నటి రంధ్రమున్న త్రీవే తగిలిస్తే దారి త్రీవే అంతే అవుతుంది. చిక్కటి బురదంతా ఆ మలుపు దగ్గరే పేరుకుంటుంది. ఇంకా పెద్ద తప్పు పిడి తిప్పడంలో. సిరంజితో కడిగి, పిడిని సంచి వైపు తెరవడం మరిచిపోతే రాత్రంతా సంచి ఖాళీగా ఉంటుంది. పొద్దున రౌండ్లో చార్టులో ‘సున్నా’ చూసి లీకు మానిందనుకుంటారు. డ్రెయిన్ సున్నా అనగానే చేయాల్సిన మొదటి పని త్రీవే పిడి ఎటు తిరిగి ఉందో చూడటం. రెండోది మంచం పక్కకి వంగి సంచి గొట్టం మెలిపడిందేమో చూడటం. స్కానింగు ఆ తర్వాత.

సంచి దగ్గర మార్కులు ఎందుకు తగ్గించామంటే, మామూలు యూరిన్ సంచి 2,000 మి.లీ.ది. దాని మీద గీతలు వందేసి మి.లీ. దూరంలో ఉంటాయి. పన్నెండు కిలోల బిడ్డకి 30 మి.లీ. వచ్చిందా 60 వచ్చిందా అన్నది వైద్యాన్నే మార్చేసే తేడా. ఆ సంచిలో రెండూ అడుగున మెరిసే పచ్చటి మరకలే. చిన్న గీతలతో కొలిచే గట్టి డబ్బా ఉన్న యూరోమీటరు దొరికితే అది వాడాలి. దొరక్కపోతే సంచి కింది కుళాయి నుంచి చిన్న కొలత గ్లాసులోకి దించి, 20 మి.లీ. సిరంజితో లాగి కొలవాలి. ఇంకో చిక్కు కలిపే చోట ఉంది. పిగ్‌టెయిల్ కొస స్క్రూలా తిప్పి బిగించే లూయర్ రకం, యూరిన్ సంచి కొస సాదా మెట్ల గొట్టం. రెండూ నేరుగా కలవవు. లూయర్ కనెక్టరున్న గొట్టం కొనాలి. అది లేక సెలైను సెట్టు ముక్క కోసి ప్లాస్టరు చుడితే ఆ అతుకు దగ్గరే కారుతుంది, లెక్క తప్పుతుంది, క్రిములు చేరతాయి. పిగ్‌టెయిల్ ఆర్డరు పెట్టేటప్పుడే కనెక్టరు కూడా రాయించండి.

బాగా గుంజే సక్షన్ డ్రెయిన్లు, వార్డుల్లో రోమోవ్యాక్ అని పిలిచే ముడతల డబ్బా రకం, పసరు లీకుకి మా మొదటి ఎంపిక కాదు. గుంజుడు ఎక్కువైతే పసరు పేగులోకి పోవాల్సింది పోయి రంధ్రం వైపే లాక్కొస్తుంది, పక్కనున్న మెత్తటి కణజాలం కూడా రంధ్రాల్లోకి లాక్కుంటుంది. సంచి నడుము కంటే కిందుగా వేలాడితే చాలు, బరువుకే దిగుతుంది. ఆపరేషన్‌లోనే పెట్టిన డ్రెయిన్ బాగా పనిచేస్తుంటే, అల్ట్రాసౌండ్‌లో వేరే గుంట లేకపోతే, కొత్తగా పిగ్‌టెయిల్ అక్కర్లేదు. ఉన్నదాన్నే జాగ్రత్తగా చూసుకోవాలి.

కడగడం: స్టెరైల్ నార్మల్ సెలైను, చిన్నపిల్లలకి 3 మి.లీ., పెద్దపిల్లలకి 5 మి.లీ., రోజుకి రెండు మూడు సార్లు. 10 మి.లీ. సిరంజి వాడండి. 2 మి.లీ. సిరంజిలో వేలి నొక్కుడికి ఒత్తిడి చాలా ఎక్కువ పుడుతుంది. నెమ్మదిగా పంపాలి, గట్టిగా వెనక్కి గుంజకూడదు. బిడ్డ నొప్పని ఏడ్చినా, సెలైను వెళ్లకుండా మొండికేసినా ఆపి డాక్టరుకి చెప్పాలి. లోపలికి పంపిన సెలైనుని రోజు లెక్కలోంచి తీసేయాలి. రోజుకి మూడు సార్లు ఐదేసి అంటే 15 మి.లీ. సంచిలో 20 మి.లీ. ఉంటే అసలు పసరు 5 మి.లీ.నే. ఈ తీసివేత చేయకపోతే మానిపోయిన లీకుకి ఇంకో వారం ట్యూబు ఉంచుతారు.

రోజు లెక్కని కిలోలతో భాగించి చూడండి. 20 కిలోల పిల్లాడికి 40 మి.లీ. అంటే కిలోకి రెండు, చిన్న లీకు. 300 మి.లీ. అంటే కిలోకి పదిహేను, కాలేయం రోజుకి తయారుచేసే పసరులో ఎక్కువ భాగం బయటికే వస్తోందన్నమాట. మోషన్ కూడా తెల్లగా సున్నపు రంగులోకి మారితే పెద్ద గొట్టం తెగిందేమోనని అనుమానించాలి. ఇలాంటప్పుడు పోయినంత మేరకి రింగర్ లాక్టేట్ సెలైను ఎక్కించాలి. పసరులో సోడియం రక్తంలో ఉన్నంత ఉంటుంది, బైకార్బనేట్ ఇంకా ఎక్కువ ఉంటుంది. గ్లూకోజు నీళ్లతో నింపితే సోడియం పడిపోతుంది, బిడ్డ మగతగా అవుతాడు. ఇలా ఎక్కువ పసరు చాలా రోజులు పోతే కొవ్వుతో కలిసే విటమిన్లు ఒంటబట్టవు. ముందు తగ్గేది విటమిన్ కె, అందుకే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష) చూసి ఇవ్వాలి.

లెక్క తగ్గితే మూడింటిలో ఒకటి: లీకు మానింది, ట్యూబు మూసుకుంది, ట్యూబు జారింది. చార్టులో మూడూ ఒకేలా కనిపిస్తాయి, తేడా చెప్పేది బిడ్డే. లీకు మానితే అంకె రోజురోజుకీ మెట్లు దిగినట్టు తగ్గుతుంది: 80, 55, 30, 12. బిడ్డ ఆడుకుంటాడు, తింటాడు, మోషన్ పసుపు గోధుమ రంగుకి వస్తుంది. మూసుకుంటే నిన్న 90 ఉన్నది ఇవాళ ఒక్కసారిగా 5. సాయంత్రానికి జ్వరం, పొట్ట బిగుసుకోవడం. జారితే గీత బయటికొచ్చి, డ్రెస్సింగ్ తడిసి ఉంటుంది. ఒక్కసారిగా పడిపోయిన అంకెని శుభవార్త అనుకోకండి, ఆ రోజే అల్ట్రాసౌండ్ చేయించండి.

డ్రెయిన్ ఉంది కదా అని రోజుల తరబడి యాంటీబయాటిక్ అక్కర్లేదు. జ్వరం, చీము, కల్చర్లో క్రిమి ఉంటే సరైనది, సరైనన్ని రోజులు. పసరు తగ్గిస్తుందని ఆక్ట్రియోటైడ్ అనే మందు మామూలుగా వాడటానికి కూడా గట్టి ఆధారం లేదు. బిడ్డ తినగలిగితే తిననివ్వాలి, కడుపు మాడ్చినందువల్ల లీకు మానదు.

స్కానింగ్ సర్వీసుల్లో హిడా స్కాన్‌కి (పసరుతో పాటు పోయే రేడియోధార్మిక మందు ఎక్కించి బొమ్మలు తీసేది) ఎక్కువ మార్కులిస్తాం. లీకు ఇంకా ఉందా, పసరు ఏ దారి పట్టింది అన్నది కదులుతూ చూపించేది అదే. అల్ట్రాసౌండ్, సీటీ ద్రవాన్ని చూపిస్తాయి గానీ అది నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పవు. సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. కామెర్లున్న బిడ్డకి మెబ్రోఫెనిన్ అనే స్కాన్ మందు ఉందా? గంట దాటాక కూడా, అవసరమైతే నాలుగు గంటలకీ మర్నాడూ ఆలస్యపు బొమ్మలు తీస్తారా? డ్రెయిన్ సంచిని కూడా బొమ్మలోకి తీసుకుంటారా? మొదటి గంటకే ఆపేసిన స్కాన్‌లో సన్నటి లీకు కనపడదు. సంచిని పక్కన పెట్టి తీస్తే మందు ఎంత బయటికి పోయిందో తెలీదు. ఎమ్మార్సీపీ (పసరు గొట్టాలకి తీసే ఎమ్మారై స్కాన్) గొట్టాల ఆకారాన్ని, మిగిలిన రాయిని బాగా చూపిస్తుంది. కానీ చిన్నపిల్లలకి మత్తు కావాలి, పొట్ట నిండా ద్రవం ఉంటే ఆ తెలుపులో సన్నటి గొట్టాలు కలిసిపోతాయి. అందుకే ముందు డ్రెయిన్ పెట్టి, ద్రవం దిగాక తీయించుకుంటే బొమ్మ విలువైనది అవుతుంది.

లెక్క కొన్ని రోజులైనా దిగకపోతే, మొదటి నుంచే ఎక్కువగా ఉంటే, రాయి అనుమానం ఉంటే ఈఆర్సీపీ. నోటి గుండా కెమెరా పంపి, పసరు గొట్టం పేగులోకి తెరుచుకునే చోట ప్లాస్టిక్ స్టెంటు పెడతారు. అది రంధ్రాన్ని మూయదు. అక్కడ కండర కవాటం వల్ల ఉండే ఒత్తిడిని తీసేస్తుంది. పేగులోకి దారి సులువు కాగానే పసరు అటే పోతుంది, రంధ్రం తనంతట తాను మూసుకుంటుంది. 10 కిలోలు దాటిన పిల్లలకి పెద్దల డ్యువోడినోస్కోపే సరిపోతుంది. అంతకన్నా చిన్నవాళ్లకి 7.5 మి.మీ. మందం ఉన్న సన్నటి స్కోపు కావాలి. అది అన్ని చోట్లా ఉండదు, దాని దారి ఇరుకు కాబట్టి లోపలికి పోయే స్టెంటు 5 ఫ్రెంచ్‌కి మించదు. పెద్దపిల్లలకి 7 ఫ్రెంచ్ తరచు వాడేది. పిల్లల్లో కవాటం కోయకుండా స్టెంటు మాత్రమే పెట్టడం వీలైతే అదే మేలని మా అభిప్రాయం, వాళ్ల ముందు ఇంకా చాలా ఏళ్లున్నాయి. రాయి తీయాలంటే కోత తప్పకపోవచ్చు. తర్వాత వచ్చే చిక్కుల్లో ముందు చూడాల్సింది ప్యాంక్రియాస్ వాపు. ఆ రాత్రి పొట్ట పైభాగంలో నొప్పి వెన్నుకి పాకితే లైపేజ్ రక్త పరీక్ష చేయించాలి. ఈఆర్సీపీ విషయంలో హైదరాబాద్‌కి దేశమంతటా పేరుంది. అయినా అడగాల్సిన ప్రశ్న ‘ఎంత పెద్ద ఆసుపత్రి’ అని కాదు, ‘ఇంత బరువున్న పిల్లలకి ఇక్కడ ఎవరు చేస్తారు, మత్తు ఎవరిస్తారు’ అని.

పొట్టంతా గట్టిపడి బిడ్డ వాడిపోతుంటే, గొట్టం పూర్తిగా తెగిందని తేలితే ఆపరేషనే. తెగిన గొట్టాన్ని పేగుకి కలిపే ఆపరేషన్ చీము పట్టిన పొట్టలో హడావుడిగా చేయాల్సింది కాదు. అలాంటి కేసులు చేసే చేతులున్న చోటికి, డ్రెయిన్ సరిగ్గా పనిచేసే స్థితిలో పంపడమే మొదటి ఆసుపత్రి చేయగల గొప్ప సాయం.

ఇంటికి ట్యూబుతో పంపేటప్పుడు కాగితం మీద ఇవి ఉండాలి: ట్యూబు సైజు, పెట్టిన తేదీ, లాకింగ్ దారం ఉందో లేదో, చర్మం దగ్గర గీత, స్టెంటు ఉంటే దాన్ని తీయాల్సిన తేదీ. స్నానం బదులు తడిగుడ్డతో తుడవడం. పడుకున్నప్పుడు సంచి మంచం కంటే కింద, నడిచేటప్పుడు తొడకి కట్టి. 100.4 డిగ్రీల జ్వరం, ఒక్కసారిగా ఆగిన పసరు, ట్యూబు పక్క నుంచి కారడం, రక్తం, కొత్తగా కళ్లు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే రావాలి.

స్టెంటు తీసేది మామూలుగా 4 నుంచి 6 వారాలకి, మళ్లీ మత్తిచ్చి కెమెరాతో. బిడ్డ ఆడుతూ పాడుతూ ఉంటాడు కాబట్టి ఇంట్లో మరిచిపోతారు, ఊరు దూరమైతే వాయిదా వేస్తారు. మూడు నెలలు దాటే వేళకి ప్లాస్టిక్ స్టెంటు లోపల బురద పట్టి మూసుకుంటుంది, చలితో జ్వరం, కామెర్లు మొదలవుతాయి. డిశ్చార్జి రోజునే తీసే తేదీ రాయించుకుని, నాన్న ఫోనులో, అమ్మ ఫోనులో, ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర కూడా పెట్టండి.

డ్రెయిన్ స్టెంటు కంటే ముందే వెళ్లిపోతుంది. కడిగిన సెలైను పోను రోజుకి 10 మి.లీ. లోపు, వరసగా రెండు రోజులు, జ్వరం లేదు, అల్ట్రాసౌండ్‌లో గుంట లేదు అంటే తీయొచ్చు. ఇక్కడే ముందు చెప్పిన దారం. కుట్టు కోశాక ట్యూబుని అలాగే లాగితే లోపల చుట్ట బిగిసే ఉంటుంది, అది వచ్చే దారిలో కణజాలాన్ని చీల్చుకుంటూ వస్తుంది. ముందు బయటి కొసన లాకు తిప్పి వదలాలి. వదిలే ఏర్పాటు లేని రకమైతే చర్మానికి దూరంగా, కొస దగ్గర, ట్యూబుని దారంతో సహా కత్తిరించాలి. మిగిలిన ట్యూబుని చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి, లేకపోతే కోసిన ముక్క లోపలికి జారుతుంది. అప్పుడు చుట్ట సాగి, మెల్లగా లాగితే నూడిల్ పోగులా వచ్చేస్తుంది. అడ్డం తగిలితే ఆపి, గైడ్‌వైరు పంపి చుట్టని నిటారు చేసి తీయాలి. బయటికొచ్చిన ట్యూబుని పక్కన పెట్టి కొస పూర్తిగా ఉందో, దారం తెగి లోపల మిగిలిందో చూసి కేసు షీట్‌లో రాయాలి. ఆ చిన్న రంధ్రానికి కుట్టు అక్కర్లేదు. మడతపెట్టిన గాజ్ (డ్రెస్సింగ్ గుడ్డ) వేసి ప్లాస్టరు వేస్తే చాలు. ఒకటి రెండు రోజులు కాస్త పచ్చగా తడిస్తే ఫర్వాలేదు, మూడో రోజు కూడా తడుస్తుంటే మళ్లీ అల్ట్రాసౌండ్ చేయించాలి.